చదివింపుల పుస్తకం ఎవరి బీరువాలో ఉంది? ఈవెంట్స్ యాప్‌ల ముప్పై ఏళ్ల కథ



నా చేతిలో ఉన్న ఈ పొడుగు పుస్తకాన్ని కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. అట్ట మీద పసుపు మరకలు, మూలలన్నీ చిరిగిపోయాయి. 1994లో మధిర దగ్గర మా అమ్మ పెళ్లిలో రాసిన చదివింపుల పుస్తకం ఇది. ఎవరొచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏం చదివించారు, అన్నీ ఉన్నాయి. ఒకాయన నూటపదహార్లు, ఇంకొకాయన యాభై ఒకటి, ఒకావిడ స్టీలు బిందె, నాన్న ఆఫీసువాళ్లు అందరూ కలిసి ఒక గోడ గడియారం. మా అమ్మమ్మ దీన్ని బీరువాలో పట్టుచీరల కింద దాచింది. ఎవరింట్లోంచి శుభలేఖ వచ్చినా ముందు ఈ పుస్తకం బయటికొచ్చేది. వాళ్లు మన పెళ్లికి వచ్చారా, ఎంత పెట్టారు, ఇప్పుడు మనం ఎంత పెట్టాలి, ఆ లెక్క ఇందులోంచే తేలేది.

ఈవెంట్స్ యాప్ గురించి ఎపిసోడ్ అని చెప్పి ఈ పెళ్లి పుస్తకం ఎందుకు తెచ్చాడు వీడు అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి, వస్తున్నా.

మాది హైదరాబాద్‌లో ఒక చిన్న గుంపు. నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం, ఒక పార్కులో కూర్చుని తెలుగు కథలు చదువుకుంటాం. ఎవరో ఒకరు కథ చదువుతారు, మిగతావాళ్లు వింటారు, తర్వాత వాదించుకుంటారు. అంతే. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు వెళ్లడం మొదలుపెట్టా, ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాక కూడా మానలేదు. ఈ మీటింగులన్నీ ఒక ప్లాట్‌ఫామ్ మీద నడిచేవి. పేరు చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు, ఏ ప్లాట్‌ఫామ్ అయినా కథ ఇదే. దాన్ని నడిపే అన్నకి వేరే ఊరు ట్రాన్స్‌ఫర్ అయింది, ఆయన కార్డు గడువు అయిపోయింది, చందా కట్టలేదు. మెయిల్స్ వచ్చాయట, ఆయన చూసుకోలేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి గుంపు లేదు. నాలుగేళ్లలో చేరినవాళ్ల పేర్లు, ఏ నెల ఎవరొచ్చారు, ఏ కథ చదివాం, ఏదీ లేదు. సపోర్ట్‌కి రాస్తే మర్యాదగా ఒక జవాబు వచ్చింది, అంతే.

ఆ సాయంత్రం నాకు గుర్తొచ్చింది ఈ పుస్తకమే. మా అమ్మమ్మ చదివింది మూడో తరగతి. ఆవిడ జాబితా ముప్పై ఏళ్లయినా ఇంట్లోనే ఉంది. నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్. నా జాబితా ఎవరి బీరువాలోనో ఉండి, వాళ్లు తాళం వేసేశారు.

సరే, అసలు ఇలా ఎందుకైంది? చరిత్ర చూద్దాం. మొదట్లో ఇలా లేదు, అదే విచిత్రం.

1996కి వెళ్దాం. యాపిల్, ఐబీఎం, ఏటీ అండ్ టీ, సీమెన్స్ కలిసి అప్పటికే వర్సిట్ అని ఒక కన్సార్షియం పెట్టుకున్నాయి. ఒక కంపెనీ క్యాలెండర్‌లో రాసింది ఇంకో కంపెనీ పరికరంలో చదవాలంటే ఎలా అన్నది వాళ్ల సమస్య. దానికోసం వీక్యాలెండర్ అని ఒక ఫార్మాట్ తయారుచేశారు. దాన్ని పెంచి, సరిచేసి, 1998 నవంబర్‌లో ఐక్యాలెండర్ ప్రమాణం వచ్చింది. నంబర్ ఆర్‌ఎఫ్‌సీ 2445. రాసినవాళ్లలో ఒకాయన లోటస్, ఇంకొకాయన మైక్రోసాఫ్ట్. మార్కెట్లో ఒకరినొకరు తినేసే కంపెనీలు, పిలుపు ఎలా రాయాలో మాత్రం కలిసి కూర్చుని తేల్చాయి. 2009లో దాన్ని తిరగరాసి ఆర్‌ఎఫ్‌సీ 5545 చేశారు. ఇవాళ మీకు ఇంటర్వ్యూ కాల్ మెయిల్‌లో వచ్చి, కింద 'అవును, కాదు, చూద్దాం' అని మూడు బటన్లు కనిపిస్తాయి కదా, వాటి వెనక ఉన్నది ఇదే.

ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మనిషి చదువుకోగలిగేలా ఉంటుంది. పని పేరు, మొదలయ్యే టైం, చోటు, పిలిచినవాళ్లు, పిలిపించుకున్నవాళ్లు. ఒక్కో అతిథి పక్కన వాళ్ల స్థితి ఉంటుంది: ఒప్పుకున్నారు, కాదన్నారు, ఇంకా తేల్చలేదు. దీనికి తోడుగా వచ్చిన ఇంకో రెండు పత్రాలు, ఈ పిలుపు ఎలా వెళ్లాలి, జవాబు ఎలా రావాలి అన్నది చెప్పాయి. మెయిల్‌లో వెళ్తుంది, మెయిల్‌లోనే వస్తుంది. నాది ఒక మెయిల్ సర్వర్, మీది ఇంకోటి, మధ్యలో ఎవరికీ అద్దె కట్టక్కర్లేదు.

అంటే డీసెంట్రలైజ్డ్ ఈవెంట్స్ అనేది మొన్నమొన్న కనిపెట్టిన సంగతి కాదండి. నేను అప్పటికి ఒకటో తరగతిలో కూడా చేరలేదు.

ఒక చిన్న పక్కమాట. ఈ ఐక్యాలెండర్‌లో 'ప్రతి నెలా రెండో ఆదివారం' అని రాయడానికి ఒక నియమం ఉంది, చాలా బాగుంటుంది. కానీ 'ప్రతి పౌర్ణమికీ' అని రాయాలంటే 1998 నియమాలతో కుదరదు, అవి మొత్తం ఇంగ్లీషు క్యాలెండర్ మీదే నడుస్తాయి. మన గుళ్లో సత్యనారాయణ వ్రతాలు రాసే పంతులుగారిని ఎవరూ ఆ కమిటీలో కూర్చోబెట్టలేదు మరి.

మరి ఇంత మంచి ప్రమాణం ఉండగా కంపెనీలు ఎక్కడ దూరాయి? ఒక లోపం ఉంది. మెయిల్‌లో పిలవాలంటే ఎవరిని పిలవాలో ముందే తెలియాలి. బొట్టు పెట్టి పిలిచే పిలుపు అది. ఊళ్లో దండోరా వేసే పిలుపు కాదు. 'ఈ ఆదివారం మా ఊళ్లో ఏం జరుగుతోంది, నాకు తెలియనివాళ్లు ఎక్కడ కలుసుకుంటున్నారు' అన్న ప్రశ్నకి ఐక్యాలెండర్ దగ్గర జవాబు లేదు. ఆ ఖాళీలోకి వెబ్‌సైట్లు వచ్చాయి.

నాకు ఇష్టమైనది అప్‌కమింగ్ అనే సైట్. ఆండీ బాయో అనే ఒక ప్రోగ్రామర్ 2003లో పెట్టాడు. సంగీత కచేరీ, సినిమా, కబుర్లు, ఎవరైనా తమ ఊళ్లో జరిగేది రాయొచ్చు, 'నేనూ వస్తున్నా' అని చెప్పొచ్చు. 2005 అక్టోబర్‌లో యాహూ కొనేసింది. తర్వాత ఏం జరిగిందో మీరే ఊహించగలరు, ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2013 ఏప్రిల్‌లో, పట్టుమని రెండు వారాలు కూడా టైం ఇవ్వకుండా మూసేశారు. పదేళ్ల పాటు ఎన్నో ఊళ్ల వాళ్లు రాసుకున్న ఊరి డైరీ అది. ఆర్కైవ్ టీమ్ అనే వాలంటీర్ల గుంపు పరుగుపరుగున కాపీ చేసి చాలావరకు కాపాడింది. మర్నాడే ఆ డొమైన్ పేరు బాయోకి తిరిగొచ్చి ఉంటే బాగుండేది, అది 2014లో వచ్చింది. ఆయన జనం దగ్గర చందాలు పోగుచేసి మళ్లీ కట్టాడు. కానీ ఒకసారి చెదిరిన సంత మళ్లీ అదే చోట అంత తొందరగా నిలబడదు.

మీటప్ కథ ఇంకోలా ఉంటుంది. 2001 సెప్టెంబర్ 11 తర్వాత న్యూయార్క్‌లో, అంతకుముందు ముఖం కూడా చూసుకోని ఇరుగుపొరుగు పలకరించుకోవడం మొదలుపెట్టారట. అది చూసి స్కాట్ హైఫర్‌మన్‌కి ఆలోచన వచ్చింది, ఇంటర్నెట్‌ని వాడి జనాన్ని ఇంటర్నెట్ బయట కలపొచ్చు కదా అని. 2002లో మొదలైంది. 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికలకి పోటీపడిన హోవార్డ్ డీన్ ప్రచారం దీని మీదే లేచింది. 2005లో గుంపు నడిపేవాళ్ల దగ్గర నెలకి 19 డాలర్లు అడిగారు. చాలా గుంపులు వెళ్లిపోయాయి. 2017లో వీవర్క్ కొంది. 2019లో 'వస్తున్నా' అని నొక్కే మనిషి దగ్గరే రెండు డాలర్లు తీసుకుంటే ఎలా ఉంటుందని కొన్ని చోట్ల పరీక్షించారు, పెద్ద గొడవైంది. 2020లో మళ్లీ అమ్మకం. 2024 జనవరిలో బెండింగ్ స్పూన్స్ అనే ఇటలీ కంపెనీ చేతికి. నేను వాళ్లని తిట్టడం లేదు, సర్వర్లకి డబ్బులు ఎవరో ఒకరు కట్టాలి కదా. చూడాల్సిందేంటంటే, ప్రతిసారీ అమ్ముడుపోయిన దాంట్లో విలువైన సరుకు ఏంటి? కోడ్ కాదు. మనుషుల జాబితా.

అందరికంటే పెద్ద జాబితా ఫేస్‌బుక్‌ది. 2010 తర్వాత మన దగ్గర కాలేజీ ఫెస్ట్ అయినా, సినిమా ఫంక్షన్ అయినా, ధర్నా అయినా ఫేస్‌బుక్ ఈవెంట్ పెట్టేవాళ్లం. బయటి యాప్‌లు కూడా వాళ్ల ఏపీఐ ద్వారా ఈ ఈవెంట్లు తీసుకుని చూపించేవి. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడింది. ఏప్రిల్ 4న ఫేస్‌బుక్ ఒక ప్రకటన చేసింది: ఇకమీదట బయటి యాప్‌లకి ఈవెంట్ అతిథుల జాబితా ఇవ్వం, ఈవెంట్ గోడ మీద రాతలూ ఇవ్వం. దాని మీద బతికే చిన్న యాప్‌లు చాలా ఆ ఒక్క దెబ్బకి కుదేలయ్యాయి. నాకు అప్పట్లో చాలా కోపం వచ్చింది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం నేను రాసుకున్నది కూడా పోయింది, అదో కారణం. ఆ కోపం ఇప్పుడు సగమే ఉంది. ఎందుకో చివర్లో చెప్తా.

అదే 2018లో, జనవరి 23న, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూత్రీసీ యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్‌ని ఆమోదించింది. మాస్టోడాన్ నడిచేది దీని మీదే. దీని పదకోశంలో 'ఈవెంట్' ఉంది, 'పిలువు' ఉంది, 'ఒప్పుకో', 'బహుశా ఒప్పుకో', 'చేరు', 'వదిలెయ్' అన్నీ ఉన్నాయి. ఐక్యాలెండర్ మాటలే కొంచెం వేషం మార్చుకుని వచ్చాయి. దీన్ని పట్టుకుని ఫ్రాన్స్‌లో ఫ్రామాసాఫ్ట్ అనే లాభాపేక్ష లేని సంఘం 2019లో జనం దగ్గర యాభై వేల యూరోలకు పైగా పోగుచేసి, 2020 అక్టోబర్‌లో మొబిలైజాన్ విడుదల చేసింది. ఫేస్‌బుక్ ఈవెంట్లకీ గ్రూపులకీ బదులుగా, ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోగల సాఫ్ట్‌వేర్. అందులో నాకు నచ్చింది ఒకటుంది. ఒకే అకౌంట్ కింద మీరు రెండు మూడు వేర్వేరు ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చు. ఆఫీసు మనిషిగా ఒకటి, ఉద్యమం మనిషిగా ఒకటి, ఇంటి మనిషిగా ఒకటి. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారన్నది బయటపడితే ఏమవుతుందో వాళ్లు ముందే ఆలోచించారన్నమాట. నేను ఆలోచించలేదు.

ఇక నేను ఎంచుకున్న దారికి వస్తా.

2019 డిసెంబర్‌లో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ, సోషల్ మీడియాకి ఒక బహిరంగ ప్రమాణం కోసం చిన్న జట్టుకి డబ్బు పెడతాం అన్నాడు. దాని పేరు బ్లూస్కై. 2021లో జే గ్రేబర్ పగ్గాలు తీసుకుంది. 2022 అక్టోబర్‌లో వాళ్ల ప్రోటోకాల్‌కి ఏటీ ప్రోటోకాల్ అని పేరు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తెరిచారు, అదే నెలలో ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకునే వీలూ ఇచ్చారు.

ఇందులో అసలు సంగతి పోస్టులు కాదు. ప్రతి మనిషికీ ఒక రిపాజిటరీ ఉంటుంది, అంటే ఒక సొంత పెట్టె. మీరు రాసేవన్నీ ఆ పెట్టెలోకి పోతాయి. పెట్టెని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మోసుకుపోవచ్చు, మీ గుర్తింపు మారదు. పెట్టెలో ఏ రకం కాగితం అయినా పెట్టొచ్చు, కాకపోతే ఆ రకానికి ఒక నమూనా ఉండాలి. ఆ నమూనాని లెక్సికన్ అంటారు. స్మోక్ సిగ్నల్ అనే ఈవెంట్స్ యాప్ 2024లో ఇలాగే వచ్చింది, బ్లూస్కై కంపెనీ అనుమతి అడగకుండా, వాళ్ల కోడ్ ముట్టుకోకుండా. తర్వాత ఈ రంగంలో పనిచేసే డెవలపర్లు కలిసి ఈవెంట్‌కి ఒకటి, 'వస్తున్నా' అనే జవాబుకి ఒకటి ఉమ్మడి లెక్సికన్లు పెట్టుకున్నారు. ఈవెంట్‌లో పేరు, మొదలు, ముగింపు, చోటు, స్థితి ఉంటాయి. జవాబులో మూడే మాటలు: ఆసక్తి ఉంది, వస్తున్నా, రావడం లేదు. 1996లో వర్సిట్ కన్సార్షియం చేసిన పనే మళ్లీ. ఈసారి కంపెనీల బదులు రాత్రిపూట పని చేసుకునే మనుషులు చేశారు.

ఇక్కడ మా అమ్మమ్మ పుస్తకం తలకిందులవుతుంది, గమనించండి. పెళ్లిలో పుస్తకం పెళ్లివాళ్లది, అతిథుల పేర్లన్నీ అందులోనే. ఏటీ ప్రోటోకాల్‌లో 'నేను వస్తున్నా' అన్న కాగితం అతిథి పెట్టెలోనే ఉంటుంది. పిలిచినవాళ్ల దగ్గర పిలుపు కాగితం ఒక్కటే. జాబితా కావాలంటే ఇల్లిల్లూ తిరిగి పోగుచేసుకోవాలి. గుంపు నడిపే మనిషి కార్డు గడువు అయిపోయినా ఎవరి కాగితమూ చెరగదు. మా గుంపుకి కావాల్సింది ఇదే అనిపించింది.

ఫ్లట్టర్‌లో మొబైల్ యాప్ మొదలుపెట్టా. లాగిన్ సులువుగానే అయింది, పాస్‌వర్డ్ నా దగ్గరికి రాదు, మనిషి తన సర్వర్ దగ్గరే ఒప్పుకుంటాడు. తర్వాత మొదలైంది అసలు తంటా. ఇల్లిల్లూ తిరిగే పని ఫోన్ చేయలేదు. నెట్‌వర్క్‌లో అందరి పెట్టెల్లో జరిగే మార్పులన్నీ ఒక ప్రవాహంగా వస్తుంటాయి, దాన్ని ఫోన్ వింటూ కూర్చుంటే మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోతుంది. కాబట్టి ఒక సర్వర్ పెట్టాల్సి వచ్చింది. ఆ ప్రవాహంలోంచి క్యాలెండర్ కాగితాలు మాత్రం వడపోసి దాచుకుని ఫోన్లకి ఇస్తుంది. ఇక 'రేపు మీటింగ్ ఉంది' అని ఫోన్ మోగాలంటే ఐఫోన్‌లో యాపిల్ సర్వర్ ద్వారా వెళ్లాలి, ఆండ్రాయిడ్‌లో మామూలుగా గూగుల్ ద్వారా. ఎంత డీసెంట్రలైజ్డ్ అని అరిచినా చివరి గడప దగ్గర ఆ ఇద్దరు వాచ్‌మన్‌లకి నమస్కారం పెట్టాల్సిందే.

ఒకసారి నా సర్వర్ డిస్క్ నిండిపోయి డేటాబేస్ పాడైంది. తప్పు నాదే, బ్యాకప్ లేదు. పాత రోజులైతే మళ్లీ అదే ఏడుపు. కానీ కొత్త సర్వర్ పెట్టి, మా గుంపు అకౌంట్ ఎవరెవర్ని ఫాలో అవుతుందో చూసి, ఒక్కొక్కరి పెట్టెనీ అడిగితే, ఛాయ్ తాగి వచ్చేలోపు అన్నీ తిరిగొచ్చాయి. ప్రతి ఆదివారం, ప్రతి పేరు. ఆ రాత్రి నేను ఎంత సంబరపడ్డానో మా ఇంట్లోవాళ్లకి అర్థం కాలేదు, పోయింది తిరిగొస్తే ఇంత గోలెందుకు అన్నారు.

టైం మార్చినప్పుడు ఒక చిక్కు వచ్చింది, అది కూడా చెప్పాలి. జవాబు కాగితం ఈవెంట్‌ని పేరుతో పాటు దాని వేలిముద్రతో కూడా పట్టుకుంటుంది. ఆ వేలిముద్ర ఆ క్షణంలో రాసి ఉన్న పాఠానిది. నేను ఐదింటి మీటింగ్‌ని ఏడింటికి మారిస్తే వేలిముద్ర మారిపోతుంది. అప్పుడు 'వస్తున్నా' అన్న మనిషి ఐదింటికి వస్తానన్నట్టా, ఏడింటికి కూడానా? మొదట నేను దీన్ని పట్టించుకోలేదు, యాప్ అందర్నీ ఏడింటి లెక్కలో చూపించింది. ఇద్దరు పెద్దాయనలు ఐదింటికే వచ్చి దోమల మధ్య రెండు గంటలు కూర్చున్నారు. తర్వాత తెలిసింది, ఐక్యాలెండర్‌లో 1998లోనే దీనికి సీక్వెన్స్ నంబర్ ఉంది. ముఖ్యమైన మార్పు వస్తే పిలిచినవాళ్లు ఆ నంబర్ పెంచి మళ్లీ అడుగుతారు. పాత పత్రాలు చదవకుండా కోడ్ రాయడం మా తరానికి ఉన్న జబ్బు.

ఇప్పుడు అక్క సంగతి.

మా గుంపులో ఒకావిడ ఉన్నారు, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద, అక్కా అని పిలుస్తా. కథ చదివితే ఆవిడే చదవాలి. యాప్ పెట్టించిన రోజు అడిగారు: "తమ్ముడూ, నేను వస్తున్నా అని నొక్కితే ఎవరికి కనిపిస్తుంది?"

"అందరికీ అక్కా" అన్నా, గొప్పగా.

"అందరూ అంటే?"

ఆవిడ ఇల్లు విడిచి వచ్చేశారు. కోర్టులో కేసు నడుస్తోంది. అవతలివాళ్లకి ఆవిడ హ్యాండిల్ తెలుసు. "ఆదివారం ఐదింటికి నేను ఏ పార్కులో ఉంటానో కూడా వాళ్లకి తెలియాలా?" అన్నారు.

నేను రెండు రోజుల్లో యాప్ మార్చేశా. అతిథుల పేర్లు తెర మీద కనపడవు, సంఖ్య మాత్రం కనపడుతుంది. "ఫిక్స్ చేశా అక్కా, ఇక భయం లేదు" అని మెసేజ్ పెట్టా. ఆవిడ నన్ను నమ్మి నొక్కారు.

వారం తర్వాత ఒక ఫ్రెండ్‌కి నా పని చూపిస్తుంటే, వాడు నా యాప్ తెరవనేలేదు. తన ల్యాప్‌టాప్‌లో ఒక్క లైన్ కమాండ్ కొట్టి, ఆవిడ పెట్టెలోంచి ఆ కాగితం తీసి చూపించాడు. దాన్ని పట్టుకుని ఈవెంట్ కాగితం, అందులోంచి పార్కు చిరునామా, టైం. రెండు నిమిషాలు పట్టలేదు. ఏటీ ప్రోటోకాల్ రిపాజిటరీలో పెట్టింది ఏదైనా బహిరంగమే, దాన్ని అలాగే కట్టారు. నేను నా కిటికీకి పరదా వేశాను, ఇంటికి గోడే లేదు. ఇది నాకు తెలియని విషయం కూడా కాదండి. డాక్యుమెంటేషన్‌లో చదివా, దాని మీద ఒక ఎపిసోడ్ కూడా చేశా. మనిషి పక్కన కూర్చోబెట్టుకుని ఆలోచించలేదు, అంతే.

ఆవిడకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పా. కాగితం చెరిపేయించా. చెరిపినా, ఈలోపు ప్రవాహం విని ఎవరైనా దాచుకుని ఉంటే నేనేం చేయలేనని కూడా చెప్పా. అటువైపు కాసేపు మాట లేదు. "సరే తమ్ముడూ" అని పెట్టేశారు. తర్వాత రెండు నెలలు మీటింగ్‌కి రాలేదు.

ఆ రెండు నెలల్లో నేను ఈ చరిత్ర అంతా మళ్లీ చదివా. అప్పుడు కనిపించింది ఏంటంటే, 1998 మెయిల్ పద్ధతిలో జవాబు పిలిచిన మనిషికే వెళ్తుంది. మూసిన కవర్ అది. జాబితా పిలిచినవాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్లు చూపిస్తేనే ఇంకొకరికి తెలుస్తుంది. తర్వాత కంపెనీలు ఆ కవర్లన్నీ తమ బీరువాలో పెట్టుకున్నాయి. దాన్ని చూసి విసిగిపోయి మేం, అంటే నాలాంటివాళ్లం, బీరువాలే వద్దని కవర్లన్నీ చింపి నడివీధిలో పరిచాం. ఎవరూ తాళం వేయలేరు, నిజమే. ఫేస్‌బుక్ 2018లో అతిథుల జాబితా మూసేసినప్పుడు నా కోపం సగం తగ్గిందన్నది ఇందుకే. వాళ్ల ఉద్దేశం ఏదైనా కానీ, ఒకరి 'వస్తున్నా' అనే మాట ఊరందరి సొత్తు కాదన్నది మాత్రం సరైన మాటే. మిగతా సగం కోపం అలాగే ఉంది, ఎందుకంటే బయటివాళ్లకి మూసిన జాబితా వాళ్లకి మాత్రం తెరిచే ఉంది.

మా అమ్మని అడిగా ఈ పుస్తకం గురించి. అప్పట్లో చదివింపులు అంటే మైకులో గట్టిగా చదివేవాళ్లట, అందుకే ఆ పేరు. ఫలానా ఊరు, ఫలానా ఆయన, నూటపదహార్లు అని. తక్కువ పెట్టినవాళ్లు ఆ టైంకి భోజనాల దగ్గరికి జారుకునేవాళ్లట. ఒక పేదాయన తన పేరు మైకులో వస్తుందని పెళ్లికే రాకుండా ఆగిపోయాడని అమ్మ చెప్పింది. తర్వాత తర్వాత కవర్లు వచ్చాయి, లోపల ఎంతుందో పెళ్లివాళ్లకే తెలుసు.

ఇప్పుడు మా యాప్‌లో రెండు బటన్లు ఉన్నాయి. ఒకటి 'అందరికీ చెప్పు', అది పెట్టెలో కాగితం రాస్తుంది, నొక్కే ముందు ఇది లోకం మొత్తానికి కనపడుతుందని తెలుగులో పెద్ద అక్షరాల్లో చెప్తుంది. రెండోది 'గుంపుకే చెప్పు'. అది అచ్చంగా ఆ 1998 పద్ధతిలో, ఐక్యాలెండర్ జవాబుగా, మా గుంపు మెయిల్‌బాక్స్‌కి వస్తుంది. ఆ మెయిల్‌బాక్స్ కూడా ఏదో కంపెనీ సర్వర్ మీదే ఉంది, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే వచ్చిన పేర్లు నేను కోఠిలో కొన్న ఒక పొడుగు నోట్‌బుక్‌లో రాసుకుని మెయిల్ చెరిపేస్తా. నోట్‌బుక్ పోతే బ్యాకప్ లేదు. ఇది సరైన ఇంజనీరింగ్ కాదని నా ఫ్రెండ్ రోజూ తిడుతున్నాడు. పెట్టెల్లో ప్రైవేట్ కాగితాలు పెట్టుకునే దారి సరిగ్గా కుదిరిన రోజున మార్చేస్తా.

పోయిన రెండో ఆదివారం పెట్టెల్లో తొమ్మిది పేర్లు, నోట్‌బుక్‌లో పదకొండు. కథ అక్కే చదివారు. ఆవిడ పేరు నోట్‌బుక్‌లో కూడా లేదు. చెప్పకుండా వచ్చారు, నేనూ అడగలేదు.

ఉంటానండి.